కోట మట్టిని రుచి చూసే ఊరు

మా సిర్గాపూర్‌లో ఎనభై దాటిన పెద్దలకు జిల్లా అంటే ఇప్పటికీ బీదరే. 1956 నవంబరు 1న భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడేదాకా మా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. ఆ రోజు మేమూ జహీరాబాద్ వాళ్లూ మెదక్ జిల్లాలో కలిశాం. ఉద్గీర్, నీలంగా మరాఠీ వాళ్ల వైపు వెళ్లాయి. బీదర్ పట్నం మైసూరు రాష్ట్రానికి పోయింది. "కచేరీల పని పడితే బీదర్ల రాత్రి ఉండాల్సిందే బిడ్డా. చౌబారా కాడ చాయ్ తాగి, కోట దిక్కు చూసుకుంట కూసునేది" అని మా పెద్దనాయన ఎన్నోసార్లు చెప్పాడు. మా వాళ్లు ఇప్పటికీ దవాఖానకో పెళ్లి బట్టలకో బీదర్ పోతూనే ఉంటారు. కోటలోకి మాత్రం ఎవరూ వెళ్లరు. ఈసారి నేను కోట కోసమే బయలుదేరాను.

నారాయణఖేడ్ మీదుగా పోతుంటే రోడ్డుకిరువైపులా కంది, పత్తి చేన్లు. మంజీర దాటి కొంత దూరం పోయాక నల్లరేగడి తగ్గి ఎర్రరాయి మొదలవుతుంది. బీదర్ పట్నమంతా ఆ రాతి గుట్ట మీదే ఉంది. ఈ ఎర్రరాయి తవ్వేటప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడుతుంది. వాన నీటిని లోపలికి పీల్చుకుంటుంది. కింద ఉన్న నల్లరాయి దాన్ని ఆపుతుంది. రెండూ కలిసేచోట ఊట పుడుతుంది. ఝర్ణీ నరసింహ స్వామి గుహలో నడుములోతు నీళ్లలో నడిచి దర్శనం చేసుకోవడానికీ, గురునానక్ ఝీరాలో తీయని నీళ్లు పారడానికీ కారణం ఇదే. బహమనీ సుల్తాను అహ్మద్ షా గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చడానికి ఈ నీళ్లు కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది.

ముందు మహమూద్ గవాన్ మదర్సా చూశాను. ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చి బహమనీలకు వజీరైన గవాన్ 1472లో కట్టించిన విద్యాలయం అది. మూడంతస్తులు, చదువుకునే గదులు, పెద్ద గ్రంథాలయం ఉండేవి. అంతటి మనిషిని గిట్టనివాళ్లు దొంగ ఉత్తరం ఒకటి సృష్టించి, 1481లో సుల్తాను చేతనే చంపించారు. 1696లో జరిగిన పేలుడులో భవనం ముందుభాగం చాలావరకు కూలింది. మిగిలిన ఒక్క మినారు కింద నిలబడి తలెత్తి చూశాను. నీలం, పసుపు, తెలుపు పలకలు అక్కడక్కడా రాలిపోయి, ఉన్నచోట మాత్రం నిన్ననే అతికించినంత నిగనిగలాడుతున్నాయి. చేతికందే ఎత్తులో దాదాపు ఏమీ మిగల్లేదు. వందల ఏళ్ల ఎండావానలు చేసిన నష్టం పైన కనిపిస్తుంది, మనుషుల చేతులు చేసింది కింద. పలకలు ఊడిన చోట సున్నం మీద ఎవరో మేకుతో చెక్కిన పేర్లు చదువుతుంటే కడుపు మండింది.

ఇంత మిగలడానికి కారణమైన వాళ్లలో ఒకరిని తలచుకోవాలి. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖ పెట్టినప్పుడు దాని బాధ్యత గులాం యజ్దానీకి అప్పగించింది. ఆయన బీదర్ కోటలో శిథిలాలు తీయించి, గోడలు నిలబెట్టించి, ప్రతి కట్టడాన్నీ కొలిపించి, 1947లో బీదర్ చరిత్ర మీద పెద్ద పుస్తకం వెలువరించారు. ఆ శాఖకు జీతాలు మా తాతల తరం కట్టిన శిస్తు లోంచీ వచ్చాయి. ఆ లెక్కన బీదర్ కోట మా సొత్తు కూడా అని చెప్పుకోవడానికి నేనేమీ మొహమాటపడను.

కోటలో సోలా ఖంబా మసీదు, తఖ్త్ మహల్ చూసి రంగీన్ మహల్ చేరేసరికి మధ్యాహ్నమైంది. అక్కడి నల్లరాతిలో ముత్యపు చిప్పల ముక్కల్ని ఎంత సన్నగా పొదిగారంటే, వేలితో తడిమితే అతుకు తెలియదు. చెక్క మీది చెక్కడం ఇంకా గొప్పగా ఉంది. ఈ గదుల ముందు నేను చాలాసేపు కదల్లేదు.

ఇలాంటి చోటును రక్షించడానికి చట్టం ఉంది. 2010 సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం కుదరదు, ఆపైన 200 మీటర్లలో అనుమతి కావాలి. బీదర్‌ను వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వాళ్లు ముప్పులో ఉన్న చోట్ల తమ 2014 జాబితాలో చేర్చారు. అదే ఏడాది దక్కన్ సుల్తానుల కోటలు, కట్టడాలు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. గుల్బర్గా, బీజాపూర్, బీదర్‌లతో పాటు మన గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు, చార్మినార్ కూడా అందులో ఉన్నాయి. 2019లో అక్కడి పాత భవంతి ఇర్రుం మంజిల్‌ను కూల్చాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసినప్పుడు హైదరాబాద్ జనం ఎంత సంతోషించారో నాకు గుర్తుంది. అయితే చట్టం కూల్చే చేతిని ఆపుతుంది గానీ కాపాడే చేతిని పుట్టించలేదు. ఆ చేతిని నేను చౌబారా దగ్గరి ఒక సందులో చూశాను.

ఊరి నడిబొడ్డున, రెండు పెద్ద దారులు కలిసే చోట నిలబడ్డ గుండ్రటి బురుజు చౌబారా. దాని పక్కనున్న వీధుల్లో, లోహం మీద వెండి పొదిగే బిద్రీ పనివాళ్లుంటారు. ఒక వృద్ధుడు దుకాణం ముందు కూర్చుని సన్నటి ఉలితో గిన్నె మీద తీగలు చెక్కుతున్నాడు. జస్తులో కొంచెం రాగి కలిపి ఇసుక అచ్చులో పోసిన గిన్నె. చెక్కడం కనబడాలని ముందు మైలతుత్తం పూసి నల్లబరుస్తారు. చెక్కిన గాడిలో వెండి తీగ పెట్టి సుత్తితో మెల్లగా కొడతారు. తర్వాత రుద్దితే నలుపంతా పోయి, వెండీ లోహమూ ఒకే తెలుపులో కలిసిపోతాయి, పనితనమంతా మాయమైనట్టే అనిపిస్తుంది. అసలు ఘట్టం ఆ తర్వాతే. కోటలో ఏళ్ల తరబడి ఎండా వానా తగలని చోటి మట్టిని నవసాగరం కలిపిన నీళ్లలో కాచి, గిన్నెను అందులో తిప్పుతారు. లోహం బొగ్గులా నల్లబడుతుంది, వెండి మాత్రం అలాగే మెరుస్తుంది.

"ఏ మట్టైనా పనికొస్తుందా చాచా?" అని అడిగాను.

"అన్ని మన్నులు చేయవు బేటా. నాలుకకు పెట్టి చూస్తం. పొగరు తగిలితేనే తెస్తం" అని చెప్పి, కొబ్బరినూనె అద్దిన గుడ్డతో ఒక చిన్న పెట్టెను తుడిచి నా చేతిలో పెట్టాడు. ఆయన తెలుగు మా ఊరి తెలుగే. అమ్మమ్మ వాళ్లది మా దిక్కేనట.

బిద్రీకి 2006లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో ఈ ఊరి కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది జనవరిలో కోటలో బీదర్ ఉత్సవం జరిగింది. ఇవన్నీ సంతోషించాల్సినవే. కానీ కోటలోని ఆ చీకటి మూలలు లేకపోతే ఈ నలుపు లేదు. ఆ నలుపు మీద బతికే ఇళ్లున్నంతకాలం కోట గోడ కూలుతుంటే ఊరికే చూసేవాళ్లుండరు. పనివాళ్లు తగ్గుతున్నారు, పిల్లలు ఈ పని నేర్చుకోవడం లేదు అని చాచా అన్నప్పుడు నాకు మినారు కింద కంటే ఎక్కువ దిగులేసింది. ఉత్సవాలకు పెట్టే ఖర్చులో కొంత, పని నేర్చుకునే పిల్లల నెలజీతానికి మళ్లిస్తే బాగుంటుంది.

సాయంత్రం అష్టూరులో బహమనీ సమాధులకు వెళ్లాను. అహ్మద్ షా సమాధి లోపల బంగారు రంగు, సింధూరపు రాతలు గోపురం దాకా పాకి ఉన్నాయి. ముస్లింలకు ఆయన వలీ, హిందువులకు అల్లమ ప్రభువు. ఏటా ఇక్కడ జరిగే జాతరలో గుల్బర్గా దిక్కు నుంచి వచ్చే జంగమయ్య ముందుంటాడు. మా సిర్గాపూర్ పీర్ల పండుగ చూసిన వాళ్లకు ఇది వింతేమీ కాదు. ఆ సమాధిని ఏ కాగితం కంటే ముందునుంచీ ఆ జాతరే కాపాడుకొస్తోంది.

మా బడిపిల్లలను విహారయాత్ర అంటే ఎప్పుడూ హైదరాబాదే తీసుకుపోతారు. తిరిగొచ్చాక పెద్దసారును కలిసి, ఈసారి బస్సు బీదర్‌కు మాట్లాడమని అడిగాను. కోటకు ఒక పూట, బిద్రీ వీధికి ఒక పూట. సారు ఒప్పుకున్నారు. చాచా మట్టి తెప్పించి పెడతానన్నాడు, పిల్లలు నాలుకకు పెట్టి చూడటానికి.