నిలిచినపుడు వణకు బండి

మా యింట నొక పాత కారు గలదు. మారుతి 800 అను చిన్నబండి. 1983 డిసెంబరు మొదలు 2014 జనవరి వఱకు ఈ దేశమున తయారైన ఆ జాతిలో మాది 1996వ సంవత్సరపుది. మేము దానికి మూడవ యజమానులము. పదునైదేండ్ల రిజిస్ట్రేషను గడువు తీఱినపిదప ఐదేసి యేండ్లకు పొడిగించుకొనుచు దానిని నిలుపుకొనియున్నాము. మా గడివేముల మండలమందే, గని గ్రామమువద్ద, 1000 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము 2017లో వెలసెను. ఎండను విద్యుత్తుగ మార్చు సీమలో నుండి మేమింకను కార్బురేటరు బండికి పెట్రోలు పోయుచున్నామని తోడి యుపాధ్యాయులు పరిహసింతురు. పరిహాసము న్యాయమే. గాని మా తల్లిగారిని నెలకొకసారి నంద్యాల వైద్యునియొద్దకు గొనిపోవుటకు మాకు వేఱు వాహనము లేదు.

నలుబదియైదేండ్లు వచ్చినను మాకు కారు నడుపుట రాదు. వ్యాకరణసూత్రములు వల్లించినవారికి క్లచ్చి, గేరు ఏల లొంగవో యెఱుగము. కావున మా యూరి దళితవాడలోని యొక కుర్రవాడు, పనిబడిన దినములలో వచ్చి బండి నడుపుచుండెను. పదవ తరగతి వఱకు మా పాఠశాలలోనే చదివినవాడు. మితభాషి.

గత వేసవిలో బండికి వింతరోగము పట్టెను. పరుగులో నేమియు లేదు. ఆగినపుడు మాత్రము, గేరు తీసి యింజను దానిపాటికి దానిని తిరుగనిచ్చినపుడు, అనగా మెకానిక్కులు ‘స్లో’ అను స్థితిలో, చలిజ్వరము వచ్చినవానివలె వణకును. అద్దములు గడగడలాడును. బిలకలగూడూరు సిమెంటు కర్మాగారపు లారీలు దారికడ్డము నిలిచిన తావున రెండు నిమిషములు వేచినచో రెండు పర్యాయములు ఆగిపోవును. ఒకనాడు నంద్యాలలో, శ్రీనివాస సెంటరులో, మిట్టమధ్యాహ్నపుటెండలో బండి ఆగి, మా తల్లిగారు ఆయాసముతో తలుపు పట్టుకొని కూర్చుండిపోయిరి. వెనుకవారి హారనుల మ్రోత మా చెవులలో నేటికిని గలదు.

ఆనాడు తిరిగివచ్చుచుండగా ఆ కుర్రవాడు, "సార్, యాడనో గాలి పీల్చుకుంటాంది సార్. బానెట్ తెరిస్తే సుయ్యిమని సప్పుడొస్తాంది" అనెను. మేము, "నీవు బండి చూచి నడుపుము చాలు. రోగము కనిపెట్టువారు నంద్యాలలో నున్నారు" అని కసరితిమి. వాడు మఱి మాటాడలేదు.

నంద్యాలలోని యొక మెకానిక్కు ప్లగ్గులు మార్చెను. తగ్గలేదు. పిమ్మట ప్లగ్గుల తీగలు మార్చెను. కార్బురేటరు విప్పి కడిగెను. చివరకు స్లో స్క్రూ బిగించి యింజను వేగము పెంచెను. రెండు దినములు సుఖముగ నుండెను, పిమ్మట యథాప్రకారము. నాలుగవసారి పోయినపుడతడు చేతులు తుడుచుకొనుచు, "పెట్రోలు ఎవరు పోయిస్తాండారు సార్?" అని యొక ప్రశ్న వేసెను. ప్రశ్న మాత్రమే. మిగిలినదంతయు మేమే కల్పించుకొంటిమి.

బంకులో పోయింపక, దారిప్రక్క సీసాలలో నమ్ము పెట్రోలు పోసి, మిగిలిన సొమ్ము కుర్రవాడు జేబులో వేసికొనుచున్నాడని నిశ్చయించితిమి. రశీదులు చూపుమంటిమి. వాడెన్నడును రశీదు తేలేదు, మేమెన్నడును అడుగలేదు. వాడు తల వంచుకొని నిలుచుండెను. ఆ మౌనమును గూడ సాక్ష్యముగ గ్రహించితిమి. వానికి రావలసిన 1200 రూపాయలు నిలిపివేసి, ఱేపటినుండి రావలదంటిమి.

మా గృహిణి యంతయు వినుచుండెను. వాడు వెడలినపిదప, "ఏమండీ, పెట్రోలు చెడ్డదైతే బండి ఆగినపుడే ఎందుకు వణుకుతుంది? పరుగెత్తేటప్పుడు కూడా అదే పెట్రోలు కదా తాగేది?" అనెను. మాకు సమాధానము తోచలేదు. తోచలేదని చెప్పుటకు బదులు, వంటయింటివారికి యంత్రముల సంగతి యేమి తెలియునంటిమి. స్త్రీవిద్యపై సభలలో ఉపన్యసించిన నోటితోనే అంటిమి.

వాడు మానినపిదపను వణకు మానలేదు. కొత్త పెట్రోలు మేమే స్వయముగ బంకులో నిలిచి పోయించితిమి. అప్పుడు మిత్రులు ఇథనాలును నిందించిరి. 2025 నాటికి దేశమున పెట్రోలునందు నూటికి 20 పాళ్లు ఇథనాలు కలుపుట వచ్చెను. దానికై నిర్మింపబడని పాత బండ్ల రబ్బరు భాగములను అది పాడుచేయవచ్చునను మాట సత్యమే. గాని సత్యమైన మాటయెల్ల మన ప్రశ్నకు సమాధానము గాదు.

మా కుమార్తె నంద్యాలలో చదువుచున్నది. ఆ యేడే కారు లైసెన్సు పొందినది. తల్లి యడిగిన ప్రశ్నను ఆమె పట్టుకొనెను. సెలవులకు వచ్చి, ఒక యుదయమున బానెట్టు తెఱచి మమ్ము ప్రక్కన నిలువబెట్టెను.

ఆ యింజనునకు మూడు సిలిండర్లు. స్లోలో నిమిషమునకు సుమారు 900 చుట్లు తిరుగును. రెండు చుట్లకొక్కసారి వంతున, ఒక్కొక్క సిలిండరు నిమిషమునకు 450 సార్లు మండవలెను. మూటిలో నొకటి మండకున్నచో వణకు పుట్టును. కనుక ఎండిన రబ్బరు తొడుగు చేతికి వేసికొని, ఆమె ప్లగ్గుల తీగలను ఒక్కొక్కటిగ తీసి మరల పెట్టెను. ఏ తీగ తీసినను ఇంజను ఒకే తీరున క్రుంగెను. అనగా మూడు సిలిండర్లును సమముగ పనిచేయుచున్నవి. చెడినచో మూటికి ఉమ్మడియైనదేదో చెడినది. మూటికి ఉమ్మడి యేది? అవి పీల్చు గాలియు, పెట్రోలును కలిసిన మిశ్రమము.

పిమ్మట చోకు పిడిని కొంచెము లాగెను. చోకు గాలిని తగ్గించి పెట్రోలు పాలు పెంచును. వణకు చాలవఱకు సద్దుమణిగెను! "నాన్నా, దీనికి పెట్రోలు చాలడం లేదు, లేదా గాలి ఎక్కువవుతోంది" అనెను. పాలెంతయనగా, బరువున ఒక పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్లు గాలి యుండవలెను. పరుగులో త్రోటిలు తలుపు విశాలముగ తెఱచుకొని గాలి వెల్లువగ వచ్చును. అందు చిన్న కంత గుండ వచ్చు దొంగగాలి లెక్కకు రాదు. స్లోలో ఆ తలుపు దాదాపు మూసియుండును. ఇంజను లోపలినుండి గట్టిగ పీల్చుచుండును. అపుడా కంతయే పెద్ద ద్వారము. వణకు నిలిచినపుడే యేల వచ్చునను మా గృహిణి ప్రశ్నకు ఇదియే సమాధానము.

కంత యెచట? కొందఱు పెట్రోలు చిలుకరించి చూతురట. వేడియింజనుపై అది ప్రాణాంతకము. మా కుమార్తె సబ్బునీరు తెచ్చి, గొట్టముల కీళ్లపై ఒక్కొక్కచోట చిమ్మెను. కార్బురేటరు క్రింద, మానిఫోల్డునుండి వెడలు చిటికెనవ్రేలంత రబ్బరు గొట్టముపై నీరు పడగానే యింజను గొంతు మాఱెను. క్షణకాలము శాంతించి మరల వణకెను. గొట్టము నూడబెఱికి వంచి చూడగా, వంపున, క్రిందివైపున, గోరంత చీలిక. దాదాపు ముప్పదియేండ్ల వేడికి ఎండి పగిలినది. ఆ గొట్టమున పారునది గాలియే; పెట్రోలు గాని, ఇథనాలు గాని దానిని తాకనే తాకవు. కొత్తగొట్టము వెల వంద రూపాయలు గాలేదు.

ఆ గొట్టమును చేత బట్టుకొని మేము చాలసేపు అరుగుపై కూర్చుంటిమి. సుయ్యిమను చప్పుడు ఆ కుర్రవాడు మొదటిదినముననే వినెను. మేము వినలేదు, విన్నవానిని విననిచ్చితిమి కాము.

మేము బాల్యమున తర్కశాస్త్రము చదివితిమి. పొగయున్నచోట నిప్పుండును, కొండపై పొగ చూచి నిప్పు నూహింపవచ్చును. నిప్పున్నచోటనెల్ల పొగయుండుననరాదు, కాలిన యినుపగుండునందు నిప్పుండును, పొగయుండదు. తడికట్టె తోడైనగాని పొగ పుట్టదు. ఇది మొదటి పాఠము. పెట్రోలు చెడినచో బండి వణకవచ్చును; బండి వణకినంతమాత్రమున పెట్రోలు చెడినదనరాదు. ఈ పాటి విషయము తోచకపోవుటకు మేము మందమతులము గాము. తోచనీయనిది మఱొకటి గలదు. మెకానిక్కు "పెట్రోలు ఎవరు పోయిస్తాండారు" అని యడిగినపుడు మా మనస్సు ఇంజనువైపు పోలేదు, వాడవైపు పోయెను. ఆ కుర్రవాడే మా పొరుగింటి గుమాస్తాగారి కుమారుడైనచో రశీదు లడిగియుందుమా? అడిగియుండము. అంటరానితనము పాపమని పిల్లలకు బోధించుచు వచ్చినవారము. మా యింట వాడు మా గ్లాసులతోనే కాఫీ త్రాగెడివాడు. దానితో మా యందలి దోషము తీఱినదని తృప్తిపడియుంటిమి.

నాటి సాయంకాలము 1200 రూపాయలు కవరులో బెట్టుకొని వానియింటికి పోయితిమి. మా కుమార్తె బండి నడిపెను. వీధి ఇఱుకు; నలుగురు బయటికి వచ్చి చూచిరి. వాని తండ్రి మంచము వాల్చి కూర్చుండుమనెను. కూర్చుండక మునుపే, అందఱును వినునట్లు, దొంగతనము జరుగలేదనియు, మేమే తప్పుగ నిందమోపితిమనియు చెప్పితిమి. ఉపన్యాసములు పెక్కు చేసినవారమే గాని ఆ రెండు మాటలకు గొంతు పెగలుటకు చాలసేపు పట్టెను. ముసలాయన యేమియు ననలేదు. కవరు తీసికొని, విప్పి లెక్కపెట్టి, కుమారుని కిచ్చెను. లెక్కపెట్టినందుకు మాకు సంతోషమాయెను.

కుర్రవాడు గొట్టపుముక్క నడిగి తీసికొని, వంచి, చీలికను వ్రేలితో తడిమెను. "ఆ పొద్దే సెప్తి గద సార్" అనెను. కోపముతో గాదు.

మరల పనికి రమ్మంటిమి. వాడు తండ్రివంక చూచెను. "వద్దులే సార్. పాలిష్ రాళ్ల లారీ మీద పోతాండాను ఇప్పుడు" అనెను. అంతట వీధిలో నిలిపియున్న బండి స్లోలో తిరుగుట విని, లేచి, మా కుమార్తెను బానెట్టు తెఱవుమనెను. గొట్టము మార్చితిమి గాని, మెకానిక్కు పెంచిన స్క్రూను తగ్గింప మఱచితిమి. ఇంటిలోనుండి స్క్రూడ్రైవరు తెచ్చి, చెవి యొగ్గి, వాడు దానిని పావుచుట్టు వెనుకకు త్రిప్పెను. చాలక మఱికొంచెము త్రిప్పెను.