తలకోన జలపాతమునకు కాలినడక

తిరుపతి చూడని తెలుగు గృహిణి యరుదు. కొండ యెక్కి, దర్శనము చేసికొని, ప్రసాదముల సంచితో మఱునాడే రైలెక్కువారు మనలో ననేకులు. ఆ కొండల వరుసయే పడమటివైపు సాగి దట్టమైన యడవిగా మాఱి, తలకోన యను చోట గొప్ప జలపాతమై దిగుచున్నదని వినియు, "అది మగపిల్లలు పోవు చోటు, మనకేల?" యని యూరకుండువారే యెక్కువ. మేము మొన్నటి మార్గశిరమాసమున దర్శనమైన పిదప నొకదినము మిగిలించుకొని యచ్చటికి పోయివచ్చితిమి. అత్తగారితోడను, పెద్దవదినగారితోడను, ఇద్దఱాడపిల్లలతోడను గూడి మేమైదుగురము. అత్తగారికి అఱువదియెనిమి దేండ్లు. కుడిమోకాలి నొప్పి యామెకు పాతచుట్టము.

తిరుపతినుండి మదనపల్లె పోవు బాటలో చంద్రగిరి దాటి, భాకరాపేట కనుమ యెక్కి, అటుపై నెరబైలు మీదుగా పోవలయును. దారి 50 కిలోమీటర్లకు మించియుండును. ఈ ప్రదేశము 2022వ సంవత్సరము వఱకు చిత్తూరు జిల్లాలో నుండెను. ఇప్పుడు తిరుపతి జిల్లాలోనిది. మేము బాడుగకారు మాటాడుకొని ప్రొద్దుపొడుపునకే బయలుదేఱితిమి. చంద్రగిరి కోటను వేఱొక దినమునకు విడిచితిమి. ఒకపూటలో రెంటిని జూడబూనినచో నడవిలో పరుగెత్తవలసివచ్చును. పరుగెత్తుటకైనచో నడవి యేల?

అటవీశాఖవారి వాకిట రుసుము చెల్లించి లోనికి పోగా సిద్ధేశ్వరస్వామి గుడి వచ్చును. శివరాత్రికి ఇచ్చట జనము క్రిక్కిఱిసి యుందురట. మేము పోయిన దినమున పదిమందికి మించిలేరు. స్వామిని దర్శించి వెలుపలికి వచ్చునప్పటికి అత్తగారు గుడి యరుగుమీద చేరగిలబడి, సంచులన్నియు దగ్గఱకు లాగుకొని, "మీరు పోయి రండమ్మా, నేనిక్కడ సామాను చూచుకొనుచు కూర్చుందును" అనిరి.

ఈ మాట మాకు క్రొత్తదికాదు. గోలకొండ మెట్లయొద్దను, కన్యాకుమారిలో పడవయొద్దను ఆమె యిదియే చెప్పిరి. మన యిండ్లలోని పెద్దవారు సంచులకు కాపలాగా కూర్చుండి చూడక విడిచిన చోట్లను లెక్కింపబూనిన నొక భారతమగును. "రండత్తయ్యా, నెమ్మదిగా పోదము" అని మేమంటిమి. పెద్దవదినగారు మమ్ము ప్రక్కకు పిలిచి, "నడువలేక నడుమ నిలిచిపోయినచో నెవరు మోయుదురు? నొప్పి ఆమెదిగాని మనదికాదు గదా" యనిరి. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. ఆమెను బలవంతపెట్టుట తప్పు, అడుగకుండుటయు తప్పే. ఏమిచేయుటకును తోపక నిలుచుంటిమి.

అరుగు క్రింద ఉడుకబెట్టిన వేరుసెనగకాయలు అమ్ముకొనుచున్న యొక ముదుసలి యిదియంతయు వినుచుండెను. ఆమె మా అత్తగారివైపు తిరిగి, "నేను దినామూ ఎక్కి దిగతా ఉండాను, నీకేమమ్మా? కట్టె పట్టుకొని నిదానంగా పో. పైన కూర్చుంటే నీకే తెలుస్తాది" అనెను. అత్తగారు ఆమె పాదములవైపు చూచిరి. చెప్పులుకూడ లేవు. వయస్సున నామె యే పెద్దదిగా నుండెను. అత్తగారు మాఱుమాటాడక లేచి, సంచులు కారుచోదకునకు అప్పగించి, చీరకుచ్చెళ్ళు కొంచె మెత్తి దోపుకొనిరి.

అచ్చటినుండి దారి యేటిని విడిచియు విడువక పోవును. కొంతదూరము రాతిమెట్లు, కొంతదూరము వేళ్ళు తేలిన మట్టిబాట. అక్కడక్కడ నీరు బండలమీదుగా బాటకు అడ్డముగా పాఱును. వయసువారు అరగంటలో పోవుదురు. మాకు గంటకు పైగా పట్టెను. కీళ్ళ వ్యాయామము నేర్పు నామె యొకరు లోగడ అత్తగారికి చెప్పిన పద్ధతి యిప్పుడు పనికివచ్చెను: కుడిమోకాలికి నొప్పియైనచో ఊతకఱ్ఱ యెడమచేత నుండవలయును, మెట్టు ఎక్కునపుడు మంచికాలు ముందు, దిగునపుడు నొప్పికాలు ముందు పెట్టవలయును. ఇరువదిమెట్లకొకసారి నిలిచితిమి. నిలిచినచోటనెల్ల చూడదగిన దేదో యొకటి యుండెను గాన నది ఆలస్యముగా తోపలేదు.

మొదట నిలిచినది యొక యెఱ్ఱచందనపు చెట్టు క్రింద. దాని బెరడు మొసలి చర్మమువలె పలకలు పలకలుగా బీటలువాఱి నల్లగా నుండును. లోని చేవ మాత్రము నెత్తురువలె నెఱుపు. ఈ చెట్టు శేషాచలము, పాలకొండలు, వెలిగొండలు మొదలైన యీ కొండలలో తప్ప లోకమున మఱియెచ్చటను తనంతట పెరుగదు. చెట్టును జూడగానే అత్తగారికి పుట్టినింటి బొమ్మలకొలువు జ్ఞప్తికి వచ్చెను. తిరుపతినుండి తెచ్చిన యెఱ్ఱచందనపు రాజు రాణి బొమ్మలు పైమెట్టున నుండెడివట. "మా రాణికి ఒక కాలు కుఱుచ. పిల్లల కెవరికైన వాపు వచ్చినప్పుడెల్ల మా నాయనమ్మ ఆ కాలినే సానమీద అరగదీసి పట్టువేసెడిది" అని చెప్పగా పిల్లలు పక్కున నవ్విరి. వారెఱిగిన యెఱ్ఱచందనము వార్తాపత్రికలలోని దొంగరవాణా మాత్రమే. 1995వ సంవత్సరమునుండి ఈ కలప వర్తకముపై అంతర్జాతీయ నియమములున్నను గొడ్డండ్ల చప్పుడు ఆగలేదు. ఆ చెట్టుమీద అత్తగారు చేయివైచి కొంతసేపు నిలిచిరి.

మఱికొంత పైకిపోగా గిల్లతీగ కనబడెను. తీగ యన్నమాటయే గాని, అది యేనుగు తొండమంత లావున మెలికలు తిరిగి చెట్టునుండి చెట్టునకు ప్రాకుచు, ఎచ్చట మొదలో యెచ్చట కొసయో తెలియకుండ నుండును. దీని కాయ గజము పొడవునకు మించి పెరుగును. లోని గింజలు బిళ్ళలవలె గుండ్రముగా, గోధుమరంగున, కొయ్యవలె గట్టిగా నుండును. ఇట్టి గింజలు నీటిపై తేలి, ఏళ్ళ వెంబడి సముద్రము చేరి, దూరదేశముల యొడ్డులకు పోవుట కలదు. చిన్నపిల్ల బాటలో దొరికిన గింజనొకదానిని మూట గట్టబోగా అత్తగారే వారించి దానిని ఏటిలో వేయించిరి. ఈ కొండల ప్రాంతమును 2010లో ప్రభుత్వమువారు శేషాచల జీవావరణ రక్షితప్రదేశముగా ప్రకటించిరి. ఇచ్చటి గింజయు, రాయియు ఇచ్చటనే యుండవలయును. పెద్దకన్నుల దేవాంగపిల్లి యీ యడవులలో నున్నను, రాత్రియందు తిరుగునది గాన పగటిపూట పోవువారికి కనబడదు. కోతులు మాత్రము కనబడని క్షణములేదు. వదినగారి చేతిలోని అరటిపండ్ల నొక కోతి నోటిమాటయైన లేకుండ తీసికొనిపోయెను.

చిట్టచివర మలుపునకు ముందే చల్లని గాలి మొగమునకు తగిలెను, తరువాత చప్పుడు వినబడెను, ఆపైని జలపాతము. ఎత్తు 270 అడుగులు. ఆంధ్రప్రదేశములో నింతకంటె నెత్తైనది లేదందురు. నాలుగు తాటిచెట్లను ఒకదానిపై నొకటి నిలిపినట్లు ఊహించుకొనుడు. గోడవలె నిలిచిన రాతిపొరల పైయంచునుండి నీరు జాఱి, నడుమ గాలికి చెదరి, క్రిందికి వచ్చునప్పటికి సగము తుంపరయై పోవుచుండెను. రాతిసందులలోను, ఆకులు కుళ్ళిన మన్నులోను నింకిన వాననీరే కొంచెము కొంచెముగా ఊరి యీ ధారయగును. అడవి పలుచబడినచో ధారయు పలుచబడును.

అత్తగారు ఒక బండమీద కూర్చుండి కాళ్ళు నీటిలో నుంచిరి. తలమీద తుంపర పడుచుండెను. చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "గోలకొండమీద కూడ గాలి యిట్లే యుండునా?" అని యడిగిరి. వదినగారు మావంక చూచి తలవంచుకొనిరి.

ఒక హెచ్చరిక చెప్పకతప్పదు. మడుగు నెమ్మదిగా కనబడినను దాని క్రింద బండలును, వాని నడుమ సందులును గలవు. నాచుపట్టిన రాయి నూనె రాచినట్లు జాఱును. పైనుండి దూకి ప్రాణములు గోల్పోయినవారు గలరు. ఒడ్డున కాళ్ళు తడుపుకొనుట చాలును. పిల్లల చేయి విడువరాదు. భారీవానలు కురిసి వరద వచ్చినపుడు అటవీశాఖవారు దారినే మూయుదురు; అట్టిదినములలో వారిని బ్రతిమాలరాదు.

దిగుట యెక్కుటకంటె కష్టమైనది. దిగునపుడు శరీరభారము మోకాలిపై నెక్కువగా పడును. రెండుచోట్ల అత్తగారు పెదవి కఱచుకొని నిలిచిరి. ఒకచోట పెద్దవదినగారు ముందు నిలిచి తన భుజమును పట్టుకొనుమని యిచ్చిరి. తరువాత నిరువురును అట్లే ప్రక్కవాటుగా, ఒక్కొక్క మెట్టే దిగుచు వచ్చిరి. ఆ రాత్రి మోకాలికి వేడినీటి కాపడము పెట్టవలసివచ్చెను. రెండుదినములు నొప్పి యుండెను.

పోదలచు సోదరీమణులకు కొన్ని మాటలు. కార్తీకమునుండి పుష్యమువఱకు మంచికాలము. వేసవిలో ధార సన్నగిల్లును. వెనుక పట్టీగల రబ్బరుచెప్పులు తొడుగుకొనుడు. చేతిలో కఱ్ఱ, ఒక పొడిచీర, త్రాగునీరు చాలును. ప్లాస్టిక్కు సంచియేదైన తీసికొనిపోయినచో మరల తెచ్చుకొనుడు. పులిహోర గిన్నె కారులోనే యుంచి క్రిందికి వచ్చినపిదప భుజింపుడు. కోతుల మూలమున మేమట్లు చేసితిమి. మధ్యాహ్నము మూడుగంటలకెల్ల దిగుట యారంభింపవలయును, కోనలో చీకటి ముందుగా పడును. వేరుసెనగకాయలు గుడియొద్దనే దొరకును. అత్తగారు రెండు పొట్లములు కొని, చిల్లర యడుగక, ఆ ముదుసలి ప్రక్కనే కూర్చుండి ఒక పొట్లము విప్పిరి.