చేప ఉన్న లోతుకు



సువార్తలలో చేపల మాట వచ్చినప్పుడెల్లా మనకు ముందు వలే గుర్తుకు వస్తుంది. రాత్రంతా ప్రయాసపడిన పేతురు, నిండిపోయిన పడవలు, తీరమున లెక్కపెట్టిన 153 గొప్ప చేపలు మనకు బాగా తెలుసు. కాని గాలము కూడా ఒక్కచోట ఉన్నది. మత్తయి సువార్త 17వ అధ్యాయము చివర చూడండి. దేవాలయపు పన్ను సంగతి వచ్చినప్పుడు ప్రభువు పేతురును గాలము వేయమని పంపాడు. వలలో ఒక్కసారే అనేక చేపలు పడతాయి. గాలానికి ఒక్కటే పడుతుంది. ఆ ఒక్కదాని కోసం ఎంత ఓపిక కావాలో 2025 జూన్ నెలలో అమెరికాలోని ఒక సరస్సు మీద చూశాను. దానిని గూర్చి మన కుటుంబాల మేలు కోసం వ్రాస్తున్నాను.

నా కుమార్తె, అల్లుడు మిన్నెసోటా రాష్ట్రములో ఉంటారు. మన లూథరన్ సంఘాల వారికి ఆ రాష్ట్రము పరాయిది కాదు. 1842 జూలై 31న గుంటూరు చేరి మన మధ్య సువార్త పని ఆరంభించిన ఫాదర్ హయ్యర్ గారు, 1857లో ఇక్కడినుండి తిరిగి వెళ్ళిన తరువాత పని చేసినది ఆ మిన్నెసోటాలోనే. 1860లో అక్కడ ఏర్పడిన సినడ్‌కు మొదటి అధ్యక్షుడు ఆయనే. డెబ్బయి ఏళ్ళు దాటిన వయసులో మళ్ళీ మన దేశము వచ్చాడు. మన నేల మీద నడిచిన ఆ పాదాలే అక్కడా నడిచాయని తలచుకొంటే నాకు ఆ చలిదేశము కొంచెం మన ఊరులాగా అనిపించింది.

నేను వెళ్ళింది మాత్రం మనవడి కోసం. వాడికి 14 ఏళ్ళు. 2019లో మేమిద్దరము వెళ్ళి నాలుగు నెలలు ఉన్నప్పుడు మా వారు వాడికి అ ఆలు దిద్దించారు, పడుకోబోయే ముందు చెప్పే చిన్న తెలుగు ప్రార్థన నేర్పారు. మేము తిరిగి వచ్చాక కూడా ఫోనులో తాత, మనవడు కలిసి ఆ ప్రార్థన చెప్పుకొనేవారు. 2021 మే నెలలో కరోనా వచ్చి, ఆసుపత్రిలో చేరిన పది రోజులకు మా వారు ప్రభువునందు నిద్రించారు. అప్పటికి పిల్లవాడికి పదేళ్ళు. ఆ పది రోజులూ మోకాళ్ళ మీద ఏడ్చి ప్రార్థన చేశాడట. కబురు తెలిసిన రాత్రినుండి మానేశాడు. గుడికి రమ్మంటే వస్తాడు, అందరూ కళ్ళు మూసుకొంటే తాను తెరిచి కూర్చుంటాడు. అక్కడి సంఘములో అక్టోబరులో కన్ఫర్మేషన్ జరుగుతుంది. నేను నిలబడను అని తల్లితో చెప్పేశాడు. తల్లి ఏడ్చింది, తండ్రి కోప్పడ్డాడు, పాస్టరు గారు నచ్చజెప్పారు. వాడు తలుపు వేసుకొని ఫోను చూసుకొనేవాడు. నాతో మర్యాదగానే మాట్లాడేవాడు గాని తాతయ్య పేరు వస్తే లేచి వెళ్ళిపోయేవాడు.

వారి సంఘములో ఒక పెద్దాయన ఉన్నారు. పాల డైరీ నడిపి, ఇప్పుడు పని విరమించుకొన్నారు. ఆయన ఒక ఆదివారము మా వద్దకు వచ్చి, శనివారము చేపల వేటకు పోతున్నాను, పడవలో రెండు చోట్లు ఉన్నవి, అమ్మమ్మ, మనవడు వస్తారా అని అడిగారు. వాడు సరే అన్నాడు. నాకు ఒక్కరోజు లైసెన్సు కొన్నారు. అక్కడ లైసెన్సు లేనిదే గాలము ముట్టుకోకూడదు. ఆ రాష్ట్రపు పిల్లలకు 16 ఏళ్ళు నిండేవరకు అక్కరలేదు.

మేము వెళ్ళిన సరస్సు పేరు మిల్ లాక్స్. మినియాపొలిస్‌నుండి కారులో రెండు గంటల దారి. దాని వైశాల్యము సుమారు 1,32,000 ఎకరాలు. అంత విశాలమైనా ఎక్కడా 42 అడుగులకు మించి లోతు ఉండదు. ఆ నీటి ఒడ్డున ఒజిబ్వే అనే ఆదివాసి జనులు తరతరాలుగా చేపలు పడుతున్నారు. 1837 నాటి ఒడంబడిక ప్రకారము ఆ హక్కు వారికి ఇంకా ఉన్నదని 1999లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

మేము వెదకినది వాల్‌ఐ అనే చేప. 1965నుండి అది మిన్నెసోటా రాష్ట్రపు చేప. బంగారు, ఆకుపచ్చ కలిసిన వన్నె, పదునైన పళ్ళు, పెద్ద కళ్ళు. కంటి వెనుక వెలుతురును తిప్పికొట్టే ఒక పొర ఉంటుంది. రాత్రి దీపము వేస్తే పిల్లి కళ్ళు మెరుస్తాయే, అదే విధముగా దీని కళ్ళూ మెరుస్తాయి. అందుచేత ఇది మసక వెలుగులో బాగా చూస్తుంది. మిట్టమధ్యాహ్నము ఎండలో లోతుకు పోయి కదలకుండా ఉంటుంది. తెల్లవారుజామున, సందె వేళ మేతకు వస్తుంది. మబ్బు పట్టి, గాలికి చిన్న అలలు రేగి నీరు కలత చెందితే ఇంకా మంచిదట. నీరు అద్దములాగా నిలిచిన రోజు వేటగాడికి మంచి రోజు కాదని పెద్దాయన చెప్పారు.

మన చెరువుల్లో గాలము వేసి గట్టున కూర్చుంటాము. అక్కడ పడవను మెల్లగా నడుపుతూ, ఎరను వెనుక నీటిలో లాగుతూ పోతారు. దీనిని ట్రోలింగ్ అంటారు. చూడటానికి ఊరికే తిరుగుతున్నట్టే ఉంటుంది గాని లెక్క చాలా ఉన్నది.

మొదటి లెక్క లోతు. పడవలో ఒక చిన్న తెర ఉంటుంది. శబ్దమును నీటిలోకి పంపి, అడుగు ఎంత లోతున ఉన్నదో, మధ్యలో చేపలు ఉన్నవో లేవో చూపుతుంది. కర్రకు ఉన్న రీలు మీద అంకెలు తిరుగుతూ ఎన్ని అడుగుల దారము బయటికి పోయిందో చెబుతాయి. ఎరగా కట్టే బొమ్మచేప ముందు నాలుక వంటి రేకు ఉంటుంది. పడవ లాగుతుంటే నీరు ఆ రేకును అదిమి బొమ్మను కిందికి దించుతుంది. రేకు పెద్దదైతే బొమ్మ ఎక్కువ లోతుకు పోతుంది, చిన్నదైతే పైపైన ఈదుతుంది. ఎక్కువ దారము వదిలితే కొంతవరకు ఇంకా దిగుతుంది. వాల్‌ఐ పైకి చూస్తూ మేస్తుంది గనుక ఎర చేప కంటే రెండు మూడు అడుగులు పైన పోవాలి. దాని కిందుగా పోయిన ఎర ఎంత అందమైనదైనా వృథా.

రెండవ లెక్క వేగము. బొమ్మచేపను గంటకు సుమారు రెండు మైళ్ళ వేగముతో లాగుతారు. అది మనిషి తీరికగా నడిచే నడక. వానపాము, మన వాళ్ళు ఎర్ర అంటారే, దానిని గాలానికి గుచ్చి, ముందు తళతళ తిరిగే రేకు, రంగు పూసలు కట్టి లాగేటప్పుడు ఇంకా మెల్లగా, గంటకు ఒక మైలు పోతారు. దానికి సీసపు బరువు వేసిన ఒక తీగ కడతారు. ఆ తీగ అడుగును టక్ టక్ అని తాకుతూ పోతుంటే ఆ చప్పుడు చేతికి తెలుస్తుంది. మధ్య మధ్య పడవను పాములాగా మెలికలు తిప్పుతారు. మెలిక తిరిగేటప్పుడు బయటి వైపు ఎర వేగముగా, లోపలి వైపు ఎర నిదానముగా పోతుంది. ఏ వైపు చేప పట్టిందో చూసి పడవ వేగము మార్చుకొంటారు.

మూడవది ఎర తీరు. నీరు తేటగా ఉంటే వెండి రంగు, మసకగా ఉంటే నారింజ, పచ్చ వంటి కొట్టొచ్చే రంగు కడతారు. ఆ బొమ్మచేపల్లో పేరున్న ఒక రకము ఫిన్లాండు దేశములో పుట్టింది. లౌరి రాపాలా అనే పేద జాలరి 1936లో బెరడుతో దానిని చెక్కాడు. గుంపులో గాయపడి వంకరగా ఈదే చిన్న చేప మీదికే పెద్ద చేప పోతుందని అతడు పడవలోనుండి గమనించి, తన బొమ్మ కూడా అలాగే ఈదేటట్టు చేశాడు.

సాయంత్రము నాలుగు గంటలకు పడవ ఎక్కాము. ముగ్గురికీ లైఫ్ జాకెట్లు కట్టారు. పెద్దాయన వాడికి ముడి వేయడము, దారము వదలడము చూపించి ఊరుకొన్నారు. గుడి సంగతి ఎత్తలేదు, బడి సంగతి అడగలేదు. నేనూ ఏమీ అడగలేదు. మూడు గంటలు ఒక్క చేప పడలేదు. పెద్దాయన రెండుసార్లు ఎర మార్చారు, ఒకసారి వేగము తగ్గించారు, తెర చూసి మరో దిబ్బ మీదికి పడవ తిప్పారు. చేప మీద విసుక్కోలేదు. అక్కడ జూన్‌లో రాత్రి తొమ్మిదింటికి గాని పొద్దు కుంకదు. ఎనిమిది దాటాక గాలి లేచింది, అలలు పడవను తట్టసాగాయి. ఎక్కడో లూన్ పక్షి ఏడ్చినట్టు కూసింది.

అప్పుడు వాడు నీళ్ళలోకి చూస్తూనే తెలుగులో అడిగాడు, "అమ్మమ్మా, తాతయ్య చివర్లో నన్ను అడిగాడా?"

నాలుగేళ్ళుగా వాడి లోపల ఉన్న ప్రశ్న అది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "మాట రాలేదు నాన్నా, మాస్కు పెట్టారు. పోయే రెండు రోజుల ముందు నర్సమ్మ ఫోను పట్టుకొని చూపించింది. నువ్వు ప్రార్థన చేస్తున్నావని చెప్పాను. చెయ్యి ఎత్తాడు. అంతే."

"నేను ప్రార్థన చేసినా పోయాడు కదా."

"అవును. నేనూ చేశాను."

"నీకు దేవుని మీద కోపం రాలేదా?"

"వచ్చింది. ఆ కోపము ఆయనతోనే చెప్పాను. దావీదు కూడా చెప్పుకొన్నాడు, 13వ కీర్తనలో ఉన్నది. ఎంతకాలమని దేవుని నిలదీశాడు. దేవుడు ఆ పాటను తన గ్రంథములోనుండి తీసివేయలేదు."

వాడు మాట్లాడలేదు. కళ్ళు తుడుచుకొన్నాడు. పెద్దాయనకు తెలుగు రాదు గాని మా ముఖాలు చూసి ఇంజను చప్పుడు ఇంకొంచెం తగ్గించారు. ఏడ్చే పిల్లవాడికి వాక్యము చెప్పడానికి నాకు చాలా వచ్చు, ముప్పై ఏళ్ళు సండే స్కూలు చెప్పాను. ఆ రోజు ఇంకొక్క మాట కూడా చెప్పబుద్ధి కాలేదు. పక్కన కూర్చున్నాను, అంతే.

కొంతసేపటికి వాడి కర్ర వంగింది. పెద్దాయన తొందరపడవద్దని చేతితో సైగ చేశారు. దారము బిగువు తప్పకుండా మెల్లగా చుట్టాడు. వలబుట్టలో పడిన చేప మూర కంటే పొడవు ఉన్నది, సందె వెలుగులో కళ్ళు మెరిశాయి. పెద్దాయన కొలిచి, ఇది గుడ్లు పెట్టే తల్లిచేప, తిరిగి నీళ్ళకు ఇద్దామా అన్నారు. చేతులు తడుపుకొని గాలము తీసి, నీళ్ళలో కాసేపు పట్టుకొని వదిలారు. తోక ఒక్కసారి విదిలించి దిగిపోయింది. వాడు చాలాసేపు ఆ చోటే చూశాడు. తరువాత పట్టిన రెండు చిన్న చేపలు మరునాడు నేను కారము పెట్టి వేయించాను.

ప్రియులారా, ఇక్కడ ఒక మాట స్పష్టముగా చెప్పాలి. బొమ్మ ఎర మోసము. సువార్తలో మోసము లేదు. మన పిల్లలకు గాలము దాచి తీపి చూపకూడదు. పోలిక అంతవరకు పనికిరాదు. అయితే లూకా 5వ అధ్యాయములో ప్రభువు పేతురుతో మనుష్యులను పట్టుటను గూర్చి చెప్పినప్పుడు వాడబడిన గ్రీకు మాటకు ప్రాణముతో పట్టుట అని అర్థము. చంపుటకు కాదు, బ్రతికించుటకు. ఆ రోజు నీళ్ళలోకి తిరిగి పోయిన చేపను చూస్తే ఆ మాట నాకు కొత్తగా వినబడింది.

పనికివచ్చే పోలిక ఇది. దుఃఖములో ఉన్న బిడ్డ లోతున ఉంటాడు. మన సలహాలు పైపైన, వేగముగా పోతాయి. మాటలు మంచివే, వాక్యము సత్యమే, కాని బిడ్డ ఉన్న లోతుకు దిగలేదు. ఆ లోతు తెలిసేవరకు కనిపెట్టాలి. వాడి నడకకు మన వేగము తగ్గించుకోవాలి. నిరీక్షణ మాటను వాడి దుఃఖానికి కొంచెం పైన, వాడు తల ఎత్తితే కనబడేంత దగ్గరలో ఉంచాలి. ప్రభువు ఎమ్మాయు దారిలో చేసినది ఇదే. ఇద్దరు శిష్యులు ముఖాలు వాడ్చుకొని నడుస్తుంటే ఆయన వారి అడుగులో అడుగు వేసి నడిచాడు. ముందు అడిగాడు, విన్నాడు, ఆ తరువాత లేఖనములు విప్పి చెప్పాడు.

మా మనవడు అక్టోబరులో నిలబడలేదు. ఇంకొక సంవత్సరము గడువు కావాలని తానే పాస్టరు గారిని అడిగాడు, ఆయన సంతోషముగా ఒప్పుకొన్నారు. ప్రతి శనివారము నాకు ఫోను చేస్తాడు. తాతయ్య సంగతులు అడుగుతాడు. ఒక శనివారము ఆ పాత తెలుగు ప్రార్థనలో రెండవ మాట మరచిపోయానన్నాడు. చెప్పాను. వ్రాసుకొన్నాడు. దానిని పలికాడా లేదా నేను అడగలేదు. అది వాడికి, ప్రభువుకు మధ్య సంగతి.

మన ఇండ్లలో కూడా 2020, 2021 సంవత్సరాల తరువాత మౌనమైన పిల్లలు ఉన్నారు. తండ్రిని, తల్లిని, నాయనమ్మను పోగొట్టుకొని, ప్రార్థన వినబడలేదని లోపల అనుకొంటూ మన పక్కనే బెంచీ మీద కూర్చుంటున్నారు. ఈ వారము వారిలో ఒక్కరిని పొలము గట్టుకో, చెరువు గట్టుకో తీసుకొని పోండి. ప్రసంగము చేయకండి. చీకటి పడేవరకు కూర్చోండి. వాడు అడిగినప్పుడు నిజము చెప్పండి. మన అందరి దుఃఖాలలోనికి దిగివచ్చిన ప్రభువు ఆ గట్టు మీద మీతో కూడ ఉండును గాక. ఆమేన్.