నెత్తురు దాచని గుట్టు

'ఇంటి గుట్టు లంకకు చేటు' అన్న సామెత మన ఆడవాళ్లకు చిన్ననాడే వంటబడుతుంది. ఈ కట్టుబాటు సంసారాలకు ఎంత మేలు చేసినదో గాని, ఒంటి విషయంలో మాత్రం చాలా కీడు చేసినది.

షోలాపూరులో మా మేనత్త, రొమ్ములో గోలీకాయంత గడ్డ చేతికి తగిలిన సంగతి ఎనిమిది మాసాలు ఎవరికీ చెప్పలేదు. నొప్పి లేదు గదా అనుకున్నది. పైగా కూతురికి పెళ్లి కుదిరి వున్నది. 'పిల్ల తల్లికి రాచపుండట' అన్న మాట వియ్యాలవారి చెవిని పడుతుందేమోనని ఆమె భయం. పెళ్లి జరిగినది. డాక్టరు దగ్గరకు వెళ్లేసరికి జబ్బు చంకలోకి పాకినది. ఆపైన నాలుగేళ్లు బ్రతికినది.

ఆ కూతురు నాకు వదిన. ఈ మధ్య నన్నడిగినది: "గడ్డ తగలకముందే నెత్తురు చూసి చెప్పే పరీక్ష వస్తున్నదంటున్నారు, నిజమేనా? అమ్మ నా పెళ్లికోసం దాచినది. నా కూతురికి నేనేం చెప్పను?"

ఆమె కోసం చదివి తెలుసుకున్నది మీకూ చెబుతాను.

మన శరీరంలోని కణాలు పొర చుట్టిన అతి చిన్న సంచులను బయటికి వదులుతూ వుంటాయి. వాటిలో ఒక రకాన్ని ఎక్సోసోములంటారు. ఒక్కొక్కటి ఇంచుమించు మిల్లీమీటరులో పదివేలవ వంతు. 1983లో లేత ఎర్రకణాలలో వీటిని గమనించినప్పుడు, కణం తనకు అక్కరలేనిది పారవేసే దారి అనుకున్నారు. 2007లో స్వీడను పరిశోధకులు ఆ సంచులలో మైక్రో ఆర్‌ఎన్‌ఎలు వున్నాయని చూపించారు.

మైక్రో ఆర్‌ఎన్‌ఎ అంటే సుమారు 22 అక్షరాల చీటీ వంటిది. ఫలానా మాంసకృత్తు తయారీ తగ్గించమని కణానికి ఆజ్ఞ. అమెరికాలో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ 1993లో ఒక చిన్న పురుగులో దీనిని కనుగొన్నారు. 2024లో వారికి నోబెల్ బహుమానం వచ్చినది. సంచిలో వున్న చీటీని నెత్తురులోని ఎంజైములు ముక్కలు చేయలేవు. క్యాన్సరు కణాలూ ఇటువంటి సంచులు వదులుతాయి, వాటిలో చీటీల పాళ్లు వేరుగా వుంటాయి. మైక్రో ఆర్‌ఎన్‌ఎ-21 అనేది రొమ్ము క్యాన్సరులో తరచు పెరుగుతుంది. మనిషి దాచినా నెత్తురు దాచదన్నమాట!

అయితే సంతోషించడానికి ఇంకా వేళ కాలేదు. ఆ 21వ చీటీ ఇతర క్యాన్సర్లలోనూ, వాపు జబ్బులలోనూ పెరుగుతుంది. నెత్తురు తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలితే వాటి చీటీలూ వచ్చి కలుస్తాయి. సంచులను వేరుచేసే పద్ధతి మారితే లెక్క మారుతుంది. అందుచేత పరిశోధనాలయం దాటి, ఆరోగ్యంగా వున్న స్త్రీలందరికీ చేసే పరీక్షగా ఇది ఇంకా రాలేదు.

మరి అందాకా? బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 1998లో మొదలుపెట్టి, మురికివాడలలోని లక్షన్నర మంది స్త్రీలను ఇరవై యేళ్లు గమనించారు. వారిలో సగంమందికి, తరిఫీదు పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేతితో రొమ్ము పరీక్ష చేశారు. ఫలితాలు 2021లో వెలువడినవి. పరీక్ష పొందినవారిలో జబ్బు ముందు దశలోనే బయటపడినది; 50 యేళ్లూ ఆపైన వయస్సువారిలో ఆ జబ్బువల్ల మరణాలు దాదాపు 30 శాతం తగ్గినవి. అంతకంటె చిన్నవారిలో మరణాలు తగ్గలేదు గాని, పెద్దవారిలో తగ్గినది చిన్న సంగతి కాదు. ఆ పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కరలేకపోయినది. తలుపు తీసి, సిగ్గు విడిచి, చూపించుకోవడమే కావలసి వచ్చినది.

వదినతో ఇదే చెప్పాను. తల్లికి వచ్చిన జబ్బు సంగతి కూతుళ్లకూ మనుమరాళ్లకూ తెలియాలి, వారు డాక్టరుకు చెప్పాలి. ఎవరికి ఏ వయస్సునుంచి ఏ పరీక్ష అవసరమో వారు నిర్ణయిస్తారు. ఆ మాట దాచితే పరువు నిలుస్తుందనుకోవడం భ్రమ. పిల్లలకు అందవలసిన హెచ్చరిక అందకుండా పోతుంది, అంతే.

సోదరీమణులారా, గడ్డ తగిలినా, చర్మం సొట్ట పడినా, చనుమొన లోపలికి పోయినా, నెత్తురు కారినా, నొప్పి లేదని ఊరుకోకండి. మగవారికొక మనవి: ఇంట్లో ఆడది ఇటువంటి మాట నోరు తెరిచి చెప్పినప్పుడు, 'పెళ్లి కానీ, పండుగ పోనీ' అనకండి. ఆ వారమే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.