మన గింజ, మన గ్లాసు

పాడేరు, అరకు కొండల్లో సిల్వర్ ఓక్ నీడన, మిరియాల పాదుల మధ్య కాఫీ పండిస్తున్నాం. పండ్లు కోస్తాం, ఎండబెడతాం, సంతకు మోస్తాం. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయినా మన ఇళ్లలో మరిగేది ఎక్కువగా కొట్లో కొన్న టీ పొడే. మన గింజ రుచి మనకు తెలియకపోతే దాని ధర చెప్పేది ఎప్పుడూ ఎదుటివాడే.

అందుకే ఈమధ్య మేము ఇంట్లోనే చల్లకాఫీ చేసుకుంటున్నాం. పట్నాల్లో దీన్ని కోల్డ్ బ్రూ అంటారు. గింజల్ని దోరగా వేయించి, రవ్వలా బరకగా దంచాలి. మరీ మెత్తగా దంచితే మడ్డి దిగుతుంది, చేదెక్కుతుంది. 100 గ్రాముల పొడికి అర లీటరు మంచినీళ్లు పోసి, మూతపెట్టి, 12 నుంచి 16 గంటలు చల్లని చోట ఉంచాలి. తెల్లారి పలచటి గుడ్డలో వడగడితే చిక్కటి డికాక్షన్ వస్తుంది. అందులో నీళ్లో పాలో సమంగా కలుపుకోవాలి. ఫ్రిజ్ ఉంటే వారం లోపు వాడుకోవచ్చు. లేకపోతే ఆ రోజే తాగేయాలి.

చల్లనీళ్లలో చేదు, పులుపు తక్కువగా దిగుతాయి. తీపి బయటపడుతుంది. ఎర్రగా పండినవే ఏరిన గింజల్ని ఒక సీసాలో, పచ్చికాయలు కలిసిన గింజల్ని ఇంకో సీసాలో నానబెట్టి చూడండి. తేడా నాలుకే చెబుతుంది. ఉపాధ్యాయులు బడిలో పెద్దపిల్లల చేత ఈ పని చేయించవచ్చు. రేపు సంతలో ఎవరైనా సరుకు బాగోలేదంటే, ఎందుకు బాగోలేదో అడిగే పిల్లలు మనకు కావాలి.