ఆగు, ఆపు: ఒక పాత బండి నేర్పిన తెలుగు

పోయినసారి వంటింటి మాటల గురించి రాశాను. ఈసారి గ్యారేజీ మాటలు.

కొత్తగా చదువుతున్నవారికి నా గురించి రెండు ముక్కలు. నేను పుట్టింది ఖరగ్‌పూర్‌లో. నాన్న అక్కడి రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, వీధిలో హిందీ, బెంగాలీ. తెలుగు అక్షరాలు మాత్రం అరవై దాటాక, ఇక్కడ బహ్రెయిన్‌లో, నాకు నేనే నేర్చుకున్నాను. తప్పులుంటే ఎప్పటిలాగే సర్దుకుని చదవండి.

నా దగ్గర 1966 నాటి ఫోర్డ్ ముస్టాంగ్ ఉంది. రిటైరయ్యాక కొన్నాను. అంతకుముందు యజమాని దాని పాత ఇంజను తీసి ఇంకా పెద్దది పెట్టించాడు. ఇలాంటి బండిని హాట్ రాడ్ అంటారు. ఒళ్లు పాతది, బలం కొత్తది. "మీ ఇద్దరికీ దాదాపు ఒకే వయసు, కానీ బలం దానికే ఉంది" అని మా ఆవిడ నవ్వుతుంది.

దసరాకి ఆ బండికి పూజ చేయించాను. బొట్లు పెట్టాను, దండ వేశాను, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాను. చేయవలసిందంతా చేశానని అనుకున్నాను.

ఆ తర్వాత ఒక శుక్రవారం ఉదయం గుడికి బయలుదేరాను. నేను సేవ చేసే గుడి మనామా పాత బజారు సందుల్లో ఉంది. రెండు వందల ఏళ్ల కిందట సింధు ప్రాంతంలోని థట్టా నుంచి వచ్చిన వ్యాపారులు కట్టిన శ్రీనాథ్‌జీ గుడి అది. తోటి సేవకుల కోసం మా ఆవిడ పులిహోర చేసి పెద్ద స్టీలు గిన్నెలో ఇచ్చింది. దాన్ని నా పక్క సీటులో పెట్టాను.

సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కాను. పెడల్ నేలకు తగిలింది. బండి ఆగలేదు. మళ్లీ తొక్కాను. ఏమీ లేదు. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగాను. ముందు కారుకు జానెడు దూరంలో బండి నిలబడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. కానీ గిన్నె మాత్రం ఎగిరి డాష్‌బోర్డుకు కొట్టుకుంది. మూత అద్దానికి తగిలింది. పులిహోర అంతా కింద పడింది. గిన్నెకు నా పిడికిలంత సొట్ట పడింది.

చేతులు వణుకుతుంటే ఇంటికి ఫోన్ చేశాను. కంగారులో "నేను బండి ఆగాను" అన్నాను. మా ఆవిడ మొదట "దెబ్బలేమైనా తగిలాయా?" అని అడిగింది. లేదని విన్నాక, "బండి ఆగలేదండీ, మీరు ఆపారు" అంది.

ఆ రోజే ఈ తేడా నాకు గట్టిగా తెలిసింది. దానంతట అది జరిగితే ఆగు. మనం చేస్తే ఆపు. తిరుగు, తిప్పు. నడుచు, నడుపు. ఇవన్నీ అలాంటి జంటలే. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాటతో పని జరిగిపోతుంది. అందుకే నాలాంటివాళ్లం ఇక్కడ తడబడతాం.

కానీ ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వనిది వ్యాకరణం కాదు, ఆ సొట్ట. మూడు నెలల్లో మా మనవరాలు కెనడా నుంచి వస్తోంది. దానికి ఏడేళ్లు. "తాతయ్యా, ముందు సీటు నాది" అని ఫోనులో అప్పటికే చెప్పేసింది. గిన్నె ఉన్నది ఆ సీటులోనే. ఆ బండిలో సీటు బెల్టులు లేవు. ఎప్పుడో ఎవరో తీసేశారు.

"పిల్ల ఈ బండి ఎక్కదు" అంది మా ఆవిడ. నేను వాదించలేదు.

మర్నాడు బండిని లారీ మీద ఎక్కించి సల్మాబాద్ తీసుకెళ్లాను. అక్కడ వరసగా గ్యారేజీలే. నాకు దొరికిన మెకానిక్ జగిత్యాల నుంచి వచ్చిన అబ్బాయి. ఎత్తిన బండి కింద చూసి వెంటనే చెప్పాడు.

"సార్, ఒక్క సిలిండరు మీదనే నాలుగు చక్రాల బ్రేకులున్నయ్. యాడ కారినా అన్నీ పోతయ్."

అదే జరిగింది. వెనక చక్రం దగ్గర ఒక చిన్న రబ్బరు ముక్క పాడై బ్రేకు ఆయిలు అంతా కారిపోయింది. 1966 ముస్టాంగ్‌లో ముందు, వెనక చక్రాలకు కలిపి ఒకటే అర. 1967 నుంచి ఫోర్డ్ దాన్ని రెండు అరలు చేసింది. ఒకటి పోతే రెండోది కొంతైనా పనిచేస్తుంది. మేమూ రెండు అరల సిలిండరు పెట్టించాం. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వేయించాం.

బ్రేకు ఆయిలు గురించి కూడా ఒక మాట నేర్చుకున్నాను. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే ఆవిరి పుడుతుంది, పెడల్ మెత్తబడుతుంది. బహ్రెయిన్ ఆగస్టులో గాలి ఎలా ఉంటుందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. నా బండిలో ఆయిలు ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు. ఆ తప్పు నాదే. కొన్నప్పుడు రంగు చూశాను, శబ్దం విన్నాను, ఆయిలు గురించి అడగలేదు.

తర్వాత బెల్టులు. నేను నడుముకు మాత్రమే కట్టే బెల్టులు చాలనుకున్నాను. పాత బండికి అవే అందం కదా అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. నడుము బెల్టు ఒక్కటే ఉంటే ఒళ్లు చాకు మడిచినట్టు మడుస్తుంది. తల వెళ్లి డాష్‌బోర్డుకు తగులుతుంది. భుజం మీదుగా వచ్చే మూడు కొసల బెల్టును 1959లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ తయారుచేశాడు. ఆ కంపెనీ ఆ పేటెంటును అందరూ వాడుకోనిచ్చింది. అమెరికాలో కొత్త కార్ల ముందు సీట్లకు భుజం బెల్టు తప్పనిసరి అయింది 1968 జనవరి 1 నుంచి. నా బండి అంతకు రెండేళ్లు పెద్దది.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గోడకు గుద్దుకోవడం అంటే, సుమారు పది మీటర్ల ఎత్తు నుంచి కింద పడడంతో సమానం. మూడంతస్తుల మేడ అనుకోండి. అంత బరువును ఆపవలసింది ఒక పట్టీ, దాని చివర ఉన్న బోల్టు, ఆ బోల్టు పట్టుకున్న రేకు. మాకు అసలు చిక్కు ఆ రేకు దగ్గర వచ్చింది. అతను స్క్రూడ్రైవరుతో నేలను పొడిచాడు. అది లోపలికి దిగింది.

"గీడంత జంగు పట్టింది సార్. గిక్కడ బోల్టు వేస్తే, గుద్దినప్పుడు బెల్టుతోని నేల గూడ లేస్తది."

జంగు అంటే తుప్పు. నాకు హిందీ వచ్చు కాబట్టి అర్థమైంది. నాన్న తుప్పు అనేవారు. రెండూ తెలుగులో ఉన్న మాటలే. నేను రెండూ నోటుబుక్కులో రాసుకున్నాను.

తుప్పు పట్టిన నేల కోసి కొత్త రేకు అతికారు. బోల్టు పట్టే ప్రతిచోటా కింద మందమైన ఇనుప పలక వేశారు. బెల్టుల కోసమే చేసే 7/16 అంగుళాల గట్టి బోల్టులు వేశారు. పానాతో ఊరికే బిగించకుండా, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచి వాడారు. ఒక మంచి బెల్టు కోసం సగం నేల మార్చవలసి వచ్చింది.

మనవరాలిది మరో లెక్క. ఏడేళ్ల పిల్ల వెనక సీటులో, బూస్టరు మీద కూర్చోవాలి. అప్పుడే పట్టీ కడుపు మీద కాకుండా తుంటి ఎముక మీద, మెడ మీద కాకుండా భుజం మీద పడుతుంది. బూస్టరుకు భుజం బెల్టు ఉండితీరాలి. కాబట్టి వెనక సీటుకూ మూడు కొసల బెల్టులు వేయించాం.

వెనక సీటు అనగానే అతను డిక్కీ తెరిచి చూపించాడు. ఈ బండిలో పెట్రోలు ట్యాంకు పైభాగమే డిక్కీకి నేల. ట్యాంకుకీ వెనక సీటుకీ మధ్య ఉన్నది ఒక అట్ట. వెనక నుంచి ఎవరైనా గట్టిగా గుద్దితే పెట్రోలు పిల్ల మీదికి వస్తుంది. నాకు నోట మాట రాలేదు. అక్కడ ఇనుప రేకు గోడ కట్టించాం. పక్కన బ్యాటరీ కట్ చేసే స్విచ్చి పెట్టించాం. మంటలార్పే సిలిండరును నా చేతికి అందేలా లోహపు పట్టీతో బిగించాం. ముందు సీట్లకు తల వెనక ఆనుకునే దిండ్లు లేవు. అవి ఉన్న సీట్లు మార్చాం. వెనక అద్దం దగ్గర ఎత్తులో ఇంకో బ్రేకు లైటు పెట్టాం. టైర్ల పక్కన ఉండే చివరి నాలుగు అంకెలు చదవడం నేర్చుకున్నాను. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నా టైర్లు కొత్తవాటిలా మెరుస్తున్నాయి గానీ, వాటి వయసు పన్నెండేళ్లు. అవీ మార్చాం.

ఇక ఒక స్నేహితుడు రోల్ కేజ్ పెట్టించమన్నాడు. బండి లోపల ఇనుప గొట్టాల పంజరం, రేసు బండ్ల నాలుగు పట్టీల బెల్టులు. ఫోటోలో చాలా బాగుంటుంది. నాకూ ఆశ పుట్టింది. అప్పుడు సఖీర్ గుర్తొచ్చింది.

2020 నవంబరు 29న మన సఖీర్ సర్క్యూట్‌లో రొమాఁ గ్రోజాఁ కారు ఇనుప కంచెను చీల్చుకుని రెండు ముక్కలై మండిపోయింది. అతను దాదాపు 28 సెకన్లు ఆ మంటల్లో ఉండి, తనే బయటికి దూకాడు. చేతులు కాలాయి, ప్రాణం దక్కింది. అందరూ తల మీద ఉండే హేలో అనే చట్రాన్ని మెచ్చుకున్నారు. నిజమే. కానీ హెల్మెట్టు, మెడను పట్టి ఉంచే పరికరం, బెల్టులు, మంటకు తట్టుకునే బట్టలు, ఇవన్నీ ఒకదానికొకటి తోడుగా పనిచేశాయి.

నేను గుడికి హెల్మెట్టు పెట్టుకుని వెళ్లను. హెల్మెట్టు లేని తలకు పక్కనే ఇనుప గొట్టం ఉంటే, చిన్న ప్రమాదంలో కూడా ఆ గొట్టమే తలను కొడుతుంది. కేజ్ లేకుండా రేసు బెల్టు మాత్రం కట్టుకుంటే, బండి బోల్తా పడి కప్పు నొక్కుకున్నప్పుడు పక్కకు వంగడానికి వీలుండదు. అడుగున ఐదో పట్టీ లేకపోతే భుజం పట్టీలు నడుము బెల్టును కడుపు మీదికి లాగుతాయి. ఆ వస్తువులు మంచివే. నా పనికి అవి సరిపోవు. వద్దన్నాను.

దీన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను. ఒక కొత్త వస్తువు తగిలించినంత మాత్రాన భద్రత రాదు. బెల్టు రేకును అడుగుతుంది, బూస్టరు బెల్టును అడుగుతుంది, వెనక సీటు ట్యాంకు ముందు గోడను అడుగుతుంది. ఎక్కడో ఒకచోట ఆపేస్తే, ముందు పెట్టినదంతా అలంకారమే. నా నిమ్మకాయల్లాగా అనను. పూజ మళ్లీ చేయించాను, ఈసారీ నిమ్మకాయలు పెట్టాను. కానీ ఆయిలు మార్చాక పెట్టాను.

డిసెంబరులో మనవరాలు వచ్చింది. ముందు సీటు ఇవ్వనందుకు కాసేపు మూతి ముడుచుకుంది. నేను బెల్టు పెట్టి, తుంటి దగ్గర, భుజం దగ్గర చూసుకున్నాను. మా ఆవిడ కూడా వంగి చూసింది. ఏమీ అనకుండా ముందు సీటులో కూర్చుని తన బెల్టు పెట్టుకుంది.

"తాతయ్యా, ఈ బండి ఆపుతుందా?" అని వెనక నుంచి అడిగింది పిల్ల.

"ఆగుతుందా అనాలమ్మా. నేను ఆపితే అది ఆగుతుంది."

ఖాళీ రోడ్డు చూసి, ముందే చెప్పి, గట్టిగా బ్రేకు తొక్కి చూపించాను. బండి తిన్నగా ఆగింది. బెల్టులు మమ్మల్ని పట్టుకున్నాయి. పిల్ల "మళ్లీ!" అంది. మా ఆవిడ "చాలు" అంది.

సొట్ట పడిన గిన్నె ఆ రోజు డిక్కీలో ఉంది, తాడుతో కట్టి. గుడికి వెళ్లి మూత తీస్తే ఒక్క మెతుకు కూడా బయట పడలేదు.