మౌనం అర్ధాంగీకారమా?

బూదికోట అనగానే మనవాళ్లు హైదరాలీ పుట్టిన ఊరంటారు. నాకు ఆ ఊరు జ్ఞాపకం వచ్చేది మరొకందుకు. 2003లో అక్కడ ‘నమ్మ ధ్వని’ అనే గ్రామ రేడియో వెలిసింది. నమ్మ ధ్వని అంటే మన గొంతు. గాలిలో ప్రసారం చేసుకొనే అనుమతి అప్పట్లో పల్లె సంఘాలకు లేదు. స్వచ్ఛంద సంస్థలకు ఆ వీలు 2006లో గాని కలగలేదు. అంచేత ఆ ఊరివారు తమ మాటను టీవీ కేబులు తీగ మీద ఇంటింటికీ పంపారు.

నా వృత్తి దీనికి తలక్రిందులు. కంప్యూటర్ల చేత నోరు మూయించడమే నా పని! కొత్త సాఫ్టువేరు పెట్టబోతే అది పెండ్లిచూపులకు వచ్చిన పెద్దమ్మలాగా ప్రశ్నలు వేస్తుంది. ఏ భాష? ఎక్కడ పెట్టను? షరతులు సమ్మతమేనా? ఒక యంత్రమైతే సరే. బడిలో ముప్ఫయి యంత్రాలుంటే పొద్దుగూకిపోతుంది. అందుకని జవాబులన్నీ ముందే ఒక్క ఆజ్ఞగా రాసి పంపుతాము.

మాటవరసకు లిబ్రే ఆఫీసు ఉంది. విండోసులోని ఎమ్మెస్సై ఎగ్జెక్‌కు దాని ప్యాకేజీ పేరు చెప్పి, చివర ‘స్లాష్ క్యూ ఎన్’ అని చేరిస్తే ఒక్క ప్రశ్నా తెరమీదికి రాదు. అన్ని ప్యాకేజీలకూ ఒకటే మంత్రం పనికిరాదు. కొన్ని ‘స్లాష్ ఎస్’ అంటేనే వింటాయి, అదీ పెద్దక్షరం ఎస్ అయితేనే. పని ముగిశాక వచ్చే అంకెను బట్టి ఫలితం తెలుసుకోవాలి. 0 అంటే క్షేమం. 3010 అంటే క్షేమమే గాని యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్లీ నడపాలి. 1603 అంటే పని చెడింది.

ఇంతవరకు బాగానే ఉంది. అయితే భాష ప్రశ్నకు జవాబెవరిది? ఆజ్ఞలో ‘యూఐ లాంగ్స్’ అనే చోట ‘కేఎన్’ అంటే కన్నడం, ‘టీఈ’ అంటే తెలుగు వస్తాయి. ఏమీ రాయకుంటే విండోసు ఏ భాషలో ఉందో అదే చూసుకొంటుంది. మనవైపు అది తరచుగా ఇంగ్లీషే.

కోలారు జిల్లాలో తెలుగిళ్ల సంగతి మీకు తెలియనిది కాదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఒక బడిలో టీచరమ్మగారిని, “ఏ భాషలు పెట్టమంటారండీ?” అని అడిగాను.

“ఈ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు నాయనా,” అన్నారామె. కాసేపు ఆలోచించి, “కన్నడం ముందు ఉండాల. తెలుగూ ఉండనీ. చదివింది ఇంటికిపోయి అవ్వకు చెప్పే పిల్లలున్నారు,” అన్నారు.

మౌనం అర్ధాంగీకారమంటారు పెద్దలు. ప్రశ్నే చెవిని పడనివాడి మౌనం ఏ అంగీకారం? ఆ ముప్ఫయి యంత్రాల ముందు కూర్చునే పిల్లలకు ఏ ప్రశ్నా కనబడదు. అన్నిటికీ వారి పేర జవాబిచ్చినవాడిని నేను.

ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా ఆజ్ఞ రాసే ముందు ఒక పూట అక్కడివారితో కూర్చుంటాను. ఆ పూటకు కూలి ఎవరూ కట్టరు. ఆ మీదట ఆజ్ఞ టైపు చేయడానికి అరనిమిషం చాలు.